మా ల్యాబ్‌లో పెట్టించిన కోర్ వాల్యూస్ వర్క్‌షాప్: ఎనిమిది నెలల తర్వాత నా రివ్యూ

పోయిన ఆగస్టులో ఒక రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ వచ్చింది. మా ల్యాబ్ ఇచ్చిన రిపోర్ట్‌లో ఒక పెద్దాయనకు పొటాషియం 6.8 ఉందట, అంటే గుండెకి ప్రమాదమైనంత ఎక్కువ. ఇంట్లోవాళ్లు హడలిపోయి ఆయన్ని ఆటోలో ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. అక్కడ ఈసీజీ తీస్తే బాగానే ఉంది. మళ్లీ రక్తం తీసి చూస్తే 4.3 వచ్చింది, మామూలుగా ఉండాల్సినంతే. పొద్దున్నే వెళ్లి ఫ్రిజ్‌లో ఉన్న ఆ ట్యూబ్ తీసి చూశాను. రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు, సీరం అంటాం, అది గులాబీ రంగులో ఉంది. అంటే ఎర్రకణాలు పగిలి, వాటిలో ఉన్న పొటాషియం బయటికి వచ్చేసింది. ఈ రంగు కనిపిస్తే శాంపిల్ పక్కన పెట్టాలని మా పనిలో మొదటి వారమే నేర్పిస్తారు. ఆ రోజు బెంచ్ మీద ఉన్న కుర్రాడికి కూడా తెలుసు. తెలిసీ ఎందుకు వదిలావు నాన్నా అని అడిగాను. "మళ్లీ రక్తం తీయాలంటే పేషెంట్లు తిడతారు మేడమ్. టైముకి రిపోర్ట్ వెళ్లకపోతే మీరు తిడతారు" అన్నాడు, తల ఎత్తకుండా.

2014లో కాకినాడలో ఈ ల్యాబ్ పెట్టినప్పుడు రిసెప్షన్ వెనక గోడకి ఒక బోర్డు పెట్టించాం. నాణ్యత, నిబద్ధత, నమ్మకం. ఆ మూడు మాటలు నేనే ఎంచి రాయించాను. ఆ కుర్రాడు నాలుగేళ్లుగా రోజూ వాటి ముందు నుంచే లోపలికి వస్తున్నాడు. కానీ గులాబీ రంగు ట్యూబ్ చేతిలో పట్టుకున్నప్పుడు ఏం చెయ్యాలో ఆ బోర్డు అతనికి చెప్పలేదు. నా కోపం మాత్రం చెప్పింది. ఆ పెద్దాయనకు ఏమీ కాలేదు. అయినా వారం రోజులు నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఈ వర్క్‌షాప్ తీసుకోవడానికి కారణం అదీ. విజయవాడ నుంచి వచ్చే ఒక కన్సల్టింగ్ సంస్థ చిన్న, మధ్యస్థాయి కంపెనీల చేత తమ కోర్ వాల్యూస్, అంటే ఏం జరిగినా వదులుకోని మూల విలువలు, రాయించి, ఆర్నెల్లు వెంట ఉండి అమలు చేయిస్తుంది. కొన్ని విషయాల్లో విమర్శ ఉంది కాబట్టి పేరు రాయడం లేదు. ఫీజు లక్షా ఎనభై వేలు, జీఎస్టీ అదనం. అందులో రెండు ఆదివారాల వర్క్‌షాప్, నెలకొకటి చొప్పున ఆరు ఆన్‌లైన్ సమీక్షలు. మాలాంటి ల్యాబ్‌కి ఇది చిన్న మొత్తం కాదు. ఆ డబ్బుతో ఒక మంచి సెంట్రిఫ్యూజ్, అంటే రక్తాన్ని గిరగిరా తిప్పి సీరం విడదీసే మిషన్, వస్తుంది. మా ఆయన అకౌంట్స్ చూస్తారు కాబట్టి ఆ మాట నాలుగుసార్లు అన్నారు.

మొదటి రోజు గురించి కాస్త ఎక్కువ రాస్తాను. ఈ సర్వీసులో అసలు విలువైనది అదే.

వర్క్‌షాప్ నడపడానికి ఆ సంస్థ నుంచి వచ్చిన మేడమ్ గారు ముందే ఒక షరతు పెట్టారు. అందరూ రావాలి. టెక్నీషియన్లు, రిసెప్షన్ అమ్మాయిలు సరే. సామర్లకోట, పిఠాపురం, పెద్దాపురం కలెక్షన్ సెంటర్ల వాళ్లు, శాంపిల్స్ తెచ్చే బండి కుర్రాళ్లు, ట్యూబులు కడిగి ఫ్లోర్ తుడిచే ఆయా, అందరూ. మొత్తం 34 మంది. రెండో షరతు, యజమానులు చివర మాట్లాడాలి. నేను, మా ఆయన వెనక వరసలో కూర్చుని మధ్యాహ్నం మూడు వరకు నోరు విప్పకూడదు. పందొమ్మిదేళ్లుగా ఈ ఫీల్డ్‌లో ఉన్నదాన్ని, ప్రతి మాటకీ జవాబు నాలుక చివరే ఉంటుంది. ఊరుకోవడం చాలా కష్టమైంది. కానీ ఊరుకోవడం వల్లే విన్నాను.

ప్రతి ఒక్కరూ రెండు సంగతులు చెప్పాలి. ఈ ల్యాబ్‌లో పని చేస్తున్నందుకు గర్వపడిన రోజు ఒకటి. ఇంటికెళ్లి అన్నం సహించని రోజు ఒకటి. మొదట నలుగురైదుగురు మొహమాటంగా ఏదో చెప్పారు. తర్వాత ఒక బండి కుర్రాడు లేచి, మే నెలలో ఐస్ ప్యాకులు అయిపోతే ఎవరికీ చెప్పకుండా ఉత్త డబ్బాలోనే శాంపిల్స్ తెచ్చిన రోజులున్నాయని చెప్పాడు. ఎందుకు చెప్పలేదంటే, ఐస్ ప్యాకులు కొత్తవి కావాలని రెండుసార్లు అడిగితే స్టోర్స్‌లో "చూద్దాం" అన్నారట. హాలు నిశ్శబ్దమైపోయింది. అడిగినా పట్టించుకోని, తప్పు కనిపించినా చెప్పలేని ఈ తీరులోనే ఆ పొటాషియం 6.8 మొదలైందని నాకు అప్పుడు అర్థమైంది. ఆ ఐస్ ప్యాకులు మొత్తం కొన్నా ఆరువేలు దాటవు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ఒక ఆట లాంటిది పెట్టారు. మేనేజ్‌మెంట్ పాఠాల్లో బాగా తెలిసినదేనట, మార్స్ గ్రూప్ అంటారు. అంగారకుడి మీద మన ల్యాబ్ మళ్లీ కట్టాలి, రాకెట్‌లో ఐదు సీట్లే ఉన్నాయి, మన ల్యాబ్ అంటే ఏమిటో తమ పనితో చూపించగల ఐదుగురిని ఎంచండి అని చీటీలు రాయించారు. నా పేరు వస్తుందనుకున్నాను, వచ్చింది కూడా, ఐదో స్థానంలో. అందరికంటే ఎక్కువ చీటీలు పడింది సామర్లకోట సెంటర్‌లో రక్తం తీసే అమ్మాయికి. ఎందుకని అడిగితే ఒకరి తర్వాత ఒకరు అదే చెప్పారు. ఎంత క్యూ ఉన్నా ఆ అమ్మాయి పేషెంట్‌ని పేరు, వయసు అడిగి, వాళ్ల ఎదుటే లేబుల్ రాసి, పైకి చదివి వినిపించాకే సూది పడుతుందట. ఖాళీ ట్యూబులకి ముందే లేబుళ్లు అంటించి పెట్టుకోవడం తనకి భయమట. శాంపిల్స్ తారుమారయ్యేది సరిగ్గా అక్కడే. నేను ట్రైనింగ్‌లో ఇదంతా చెబుతాను. కానీ నేను చెప్పినందుకు కాక, చేసి చూపించే అమ్మాయి పక్కనే ఉన్నందుకు ఆ సంగతి వీళ్లందరికీ తెలుసు.

విలువలను ఎక్కడి నుంచో తెచ్చి పెట్టుకోనక్కర్లేదు, మన దగ్గర ఇప్పటికే కొందరు వాటితో బతుకుతుంటారు, వాళ్లని చూసి రాసుకోవాలి అని మేడమ్ గారు అన్నారు. నిజాయతీ, సమయపాలన, మర్యాద లాంటివి రాయొద్దన్నారు. అవి ఏ ల్యాబ్‌లో అయినా ఉండాల్సిన కనీస అర్హతలు, వాటివల్ల మీరెవరో తెలియదు అని. ఆ మాటతో మా పాత బోర్డు మీది మూడూ పోయాయి.

ఆవిడ చెప్పిన ఉదాహరణలు మొదట్లో అన్నీ అమెరికావే. ఎన్రాన్ అనే పెద్ద ఇంధన కంపెనీ తన విలువలుగా గౌరవం, నిజాయతీ, సంభాషణ, శ్రేష్ఠత అని రాసుకుని 2001 డిసెంబర్‌లో దివాలా తీసింది. జాన్సన్ అండ్ జాన్సన్ కథ కాస్త వివరంగా చెప్పారు. 1982లో షికాగో చుట్టుపక్కల ఎవరో ఆ కంపెనీ అమ్మే టైలినాల్ అనే నొప్పి మందులో సైనైడ్ కలిపితే ఏడుగురు చనిపోయారు. ఆ కంపెనీ దేశమంతటి నుంచీ సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలు వెనక్కి తెప్పించింది. పది కోట్ల డాలర్లకు పైనే ఖర్చయింది. 1943లోనే వాళ్లు రాసిపెట్టుకున్న క్రెడోలో, అంటే కంపెనీ విలువల పత్రంలో, మొదటి బాధ్యత తమ వస్తువులు వాడేవాళ్లకి, డాక్టర్లకి, నర్సులకి, తల్లులకి అని ఉంది. వాటాదారులది చివరి చోటు. అది విని మా డ్రైవర్ చెయ్యెత్తి, "పౌడర్ కేసులు నడిచింది ఈ కంపెనీ మీదే కదండీ?" అని అడిగాడు. ఆవిడ దాటెయ్యలేదు. అవును, అదే కంపెనీ, బేబీ పౌడర్ వల్ల క్యాన్సర్ వచ్చిందని వేలల్లో కేసులు అన్నారు. 1970ల్లో దాని పెద్ద జేమ్స్ బర్క్ పై అధికారులను కూర్చోబెట్టి, ఈ క్రెడోని నమ్ముతామా, లేకపోతే గోడ మీద నుంచి తీసేద్దామా అని వాదన పెట్టించాడట. ఆ వాదన జరిగిన కొన్నేళ్లకే టైలినాల్ వచ్చింది. ఒక తరం వాదించి తేల్చుకున్నది తర్వాతి తరానికి దానంతట అది రాదు, మీరూ ఏటా వాదించుకోవాలి అని చెప్పారు. ఆ రెండు రోజుల్లో నాకు బాగా గుర్తుండిపోయిన సమాధానం ఇది.

మన దగ్గరి ఉదాహరణ చెప్పండి అని అడిగాక, రెండో ఆదివారం రెండు తెచ్చారు. ఒకటి హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్. 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు తీసుకుని, 2009 జనవరి 7న లెక్కలు తప్పని ఛైర్మన్ స్వయంగా ఉత్తరం రాయాల్సి వచ్చిన కంపెనీ. రెండోది ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాద్‌లో మొదలుపెట్టారు. శ్రేష్ఠత, సమానత, సామర్థ్యం అని వాళ్లూ మూడు మాటలే పెట్టుకున్నారు. కానీ ఆ సమానత సగానికి పైగా పేషెంట్లకు ఉచితంగా చేసే వైద్యంలో కనిపిస్తుంది. సుమారు 50 వేల జనాభాకి ఒకటి చొప్పున ఊళ్లలో పెట్టిన విజన్ సెంటర్లలో, అక్కడి పిల్లలకే పని నేర్పి కూర్చోబెట్టడంలో కనిపిస్తుంది. ఇవి ముందే చెప్పి ఉంటే మొదటి రోజు మా ఆయా, డ్రైవర్లు ఇంకాస్త కలిసిపోయేవాళ్లు. చాలామందికి ఆ ఆసుపత్రిలో కళ్లు చూపించుకున్న చుట్టాలెవరో ఒకరున్నారు.

రెండో ఆదివారం సాయంత్రానికి మావాళ్లు రాసుకున్నవి నాలుగు. "పేరు అడగకుండా సూది పట్టం." "అనుమానం ఉంటే రిపోర్ట్ ఆగుతుంది." "తప్పు మనదైతే ఫోన్ మనమే చేస్తాం." నాలుగోది రాయడానికే మూడు గంటలు పట్టింది. "టెస్ట్ పేషెంట్ కోసమే."

నాలుగోదాని వెనక ఉన్న సంగతి ఈ రంగంలో అందరికీ తెలుసు. ఎవరూ రాయరు. టెస్టులు రాసి పంపిన క్లినిక్‌కి ల్యాబ్ నుంచి నెలాఖరుకి పర్సంటేజీ వెళ్తుంది. వైద్య మండలి 2002 నిబంధనలే దీన్ని స్పష్టంగా వద్దంటున్నాయి. అది తెలిసీ మేం కూడా ఇచ్చాం. అందరూ ఇస్తున్నారు, ఇవ్వకపోతే శాంపిల్ రాదు అని మాకు మేం చెప్పుకున్నాం. ఆ సాయంత్రం రిసెప్షన్ అమ్మాయి లేచి, పెద్దగా జబ్బేమీ లేని ఒక కూలీమనిషి రెండువేల ఎనిమిది వందల ప్యాకేజీకి చీటీ పట్టుకొస్తే, ముడి విప్పి డబ్బులు లెక్కపెడుతుంటే తాను చూడలేక మొహం తిప్పుకున్నానని చెప్పింది. మేడమ్ గారు మమ్మల్ని ఒకటే ప్రశ్న అడిగారు. ఈ వాక్యం వల్ల నష్టం వచ్చినా ఉంచుతారా, లేక నష్టం వచ్చిన రోజు తీసేస్తారా? తీసేసేదైతే ఇప్పుడే కొట్టెయ్యండి, మీ స్టాఫ్ ముందు రాసి తర్వాత కొట్టెయ్యొద్దు.

ఆ రాత్రి ఇంట్లో నాకూ మా ఆయనకీ పెద్ద గొడవే అయింది. మొత్తం బిజినెస్‌లో 22 శాతం ఆ దారిలోనే వస్తోందని ఆయన లెక్క తీసి చూపించారు. మిషన్ లోన్ ఇంకా రెండేళ్లుంది. ఆయన అన్నది తప్పేమీ కాదు. చివరికి తెల్లవారుజామున ఆయనే, "జనవరి ఒకటి నుంచి ఆపేద్దాం. నెలనెలా ఆ కవర్లు ఇచ్చొచ్చేది నేను. నాకూ అది ఇష్టం లేదు" అన్నారు. పన్నెండేళ్లలో ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఇంతవరకు నేను ఈ సర్వీసుకి పూర్తి మార్కులు ఇస్తాను. ఇక్కణ్నుంచి తగ్గుతాయి.

వర్క్‌షాప్ అయిన పది రోజులకి వాళ్ల ఆఫీసు నుంచి పోస్టర్ డిజైన్లు వచ్చాయి. మావాళ్లు తెలుగులో రాసుకున్న నాలుగు వాక్యాలను ఇంగ్లిష్‌లో నాలుగు పెద్ద మాటలుగా మార్చి, చేతులు కలుపుతున్న బొమ్మలు పెట్టారు. టీషర్టులు, కప్పులు కావాలంటే వేరే రేటు. నేను వెనక్కి పంపించాను. ఆ వాక్యాల్లో బలమంతా వాటిని అన్నది ఎవరో మా అందరికీ తెలియడంలోనే ఉంది. పాత బోర్డు తీయించేశాను. కొత్తవి కాగితం మీద రాసి పనిచేసే చోటే అంటించుకున్నాం. సూది వాక్యం కలెక్షన్ కుర్చీ దగ్గర, అనుమానం వాక్యం టెస్టులు చేసే మిషన్ పక్కన, ఫోన్ వాక్యం నా టేబుల్ మీద.

అంతకంటే పెద్ద పొరపాటు స్కోరు షీటు. ప్రతి ఉద్యోగికీ ప్రతి విలువ మీద నెలకి ఒకటి నుంచి ఐదు మార్కులు వేసి, దాన్ని ఇంక్రిమెంట్‌కి కలపమన్నారు. నమ్మి ఫిబ్రవరిలో మొదలుపెట్టాం. మూడు వారాల్లోనే రిజెక్షన్ రిజిస్టర్‌లో ఎంట్రీలు తగ్గిపోయాయి. అంతకుముందు వారానికి పది, పన్నెండు శాంపిల్స్ వెనక్కి పంపేవాళ్లు, ఒక్కసారిగా రెండుకి వచ్చింది. రక్తం తీసినవాళ్లకి మార్కులు పోతాయని బెంచ్ మీదవాళ్లు సర్దుకోవడం మొదలుపెట్టారు. అంటే ఆగస్టులో జరిగిందే మళ్లీ జరగబోతోంది, ఈసారి విలువల పేరుతో. ఈ విషయం ఆన్‌లైన్ సమీక్షలో చెబితే, అది వాళ్ల స్టాండర్డ్ పద్ధతి అని, అన్ని కంపెనీల్లో వాడుతున్నామని జవాబు వచ్చింది. నేను ఆ షీటు ఆపేశాను. ఆరు సమీక్షల్లో నాలుగే జరిగాయి. ఆ నాలుగింటిలో మొదటిదానికే పాత మేడమ్ గారు వచ్చారు. తర్వాత వచ్చిన కుర్రాళ్లకి ల్యాబ్ పని గురించి ఏమీ తెలియదు.

అమలు చాలావరకు మేమే తడుముకుంటూ కట్టుకున్నాం. రిపోర్ట్ ఆపడానికి టెక్నీషియన్ ఎవరినీ అడగక్కర్లేదు, వదలడానికే ఇద్దరి సంతకం కావాలి. మళ్లీ రక్తం తీయాల్సి వస్తే డబ్బు అడగం, కుర్రాడు ఇంటికే వెళ్తాడు, పెట్రోలు ల్యాబ్‌ది. రిపోర్ట్ టైము రక్తం తీసినప్పటి నుంచి లెక్కించడం మానేసి, మంచి శాంపిల్ అందినప్పటి నుంచి లెక్కిస్తున్నాం. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ ఆ కుర్రాడి మీద నేను పెట్టిన టెన్షన్ సగం దీంతోనే పోయింది. సోమవారం పొద్దున ఫాస్టింగ్ షుగర్ క్యూ మొదలవకముందు పది నిమిషాలు నిలబడి, పోయిన వారం ఏ రిపోర్ట్ ఎందుకు ఆపామో ఒకరు చెబుతారు. ఐస్ ప్యాకులు ఎవరికి కావాలన్నా స్టోర్స్‌లో సంతకం పెట్టి తీసుకోవచ్చు.

మార్చిలో అసలు పరీక్ష వచ్చింది. మిషన్ సరిగ్గా కొలుస్తోందో లేదో చూడటానికి ఫలితం ముందే తెలిసిన శాంపిల్ ఒకటి నడుపుతాం, కంట్రోల్ అంటాం. ఒక పొద్దున థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ కంట్రోల్ ఉండాల్సిన హద్దు దాటి బయటికి పోయింది. ముందు రోజు పొద్దున బాగానే ఉంది. ఈ రెంటికీ మధ్య ఎప్పుడు చెడిందో తెలియదు. సాయంత్రం బ్యాచ్‌లో 41 థైరాయిడ్ రిపోర్టులు అప్పటికే వాట్సాప్‌లో వెళ్లిపోయాయి. పరీక్షకి వాడే రసాయనం కొత్తది పెట్టి, మిషన్ కొలతలు సరిచేసి, ఫ్రిజ్‌లో దాచిన సీరమ్‌లు మళ్లీ నడిపాం. 38 మందికి పెద్ద తేడా లేదు. ముగ్గురికి మాత్రం మందు డోసు మారేంత తేడా ఉంది. ఆ ముగ్గురికీ చెబితే చాలని నాకే అనిపించింది. ల్యాబ్ పరువు గుర్తొచ్చింది. అప్పుడు మా టెక్నీషియన్, ఆగస్టులో తల వంచుకున్న ఆ కుర్రాడే, నా టేబుల్ మీది కాగితం వైపు చూసి, "41 మందికీ చేద్దాం మేడమ్. నేను ఇరవై చేస్తాను" అన్నాడు.

చేశాం. నేను పదకొండు చేశాను. ఎక్కువమంది సరేనన్నారు. పెద్దాపురం నుంచి ఒకాయన పది నిమిషాలు తిట్టారు, విన్నాను. డోసు మారాల్సిన ముగ్గురిలో ఒకావిడ నాలుగో నెల గర్భిణి. అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లి మందు మార్పించుకున్నారు. ఒక క్లినిక్ మాత్రం, ఇన్ని తప్పులు జరిగే ల్యాబ్ మాకొద్దని శాంపిల్స్ మానేసింది. ఇప్పటికీ పంపడం లేదు.

పర్సంటేజీ ఆపాక ఏమైందో కూడా చెప్పాలి, చాలామంది అడిగేది అదే. జనవరి నుంచి మార్చి వరకు ఆదాయం ఆరో వంతు తగ్గింది. ఏప్రిల్ నుంచి కొంత తేరుకుంది, పూర్తిగా కాదు. ఇద్దరు డాక్టర్లు మాత్రం, ఇన్నాళ్లూ మీరిచ్చిన కవర్లు మేం తెరవలేదు, మీ రిపోర్ట్ మాకు ముఖ్యం అని చెప్పి పంపుతూనే ఉన్నారు. మిషన్ లోన్ కిస్తీ ఒక నెల నా బంగారం మీద కట్టాం. ఒక టెక్నీషియన్ ఎక్కువ జీతానికి వేరే చోటికి వెళ్లిపోయాడు. ఇవన్నీ ఫీజులో రాయని ఖర్చులు. ఈ సర్వీసు తీసుకోవాలనుకునేవాళ్లు లక్షా ఎనభై వేల పక్కన వీటినీ లెక్క వేసుకోండి.

ఐదింటికి మూడున్నర ఇస్తున్నాను. రెండు ఆదివారాలకి ఐదు, ఆర్నెల్ల సమీక్షకి రెండు. యాభై మంది లోపు ఉన్న సంస్థ అయితే వర్క్‌షాప్ మాత్రమే విడిగా అడగండి, బేరమాడితే ఇస్తారు. వచ్చేది ఎవరో ముందే పేరు రాయించుకోండి. తెలుగులోనే నడపమనండి. పోస్టర్లు, కప్పులు, స్కోరు షీటు వద్దని చెప్పండి. యజమానులు చివర మాట్లాడే షరతుని మాత్రం ఒప్పుకోండి, ఎంత కష్టమైనా.

మేం ఈ నవంబర్‌కి ఒక్క రోజు సెషన్ మాట్లాడుకున్నాం, నలభై ఐదు వేలకి, పాత మేడమ్ గారే రావాలని షరతు పెట్టి. కొత్తగా చేరిన ఆరుగురు మొదట మాట్లాడతారు. నాలుగు వాక్యాలూ ఉంచాలా, ఏదైనా తీసెయ్యాలా అని వాదన పెట్టమన్నాను. నాలుగోదాని మీద మా ఆయన ఈసారి లెక్కలన్నీ ప్రింటు తీసి అందరికీ పంచుతానన్నారు.